అద్దం పన్ను దాటనివ్వకండి

కొత్తగా బోర్డు కట్టిన డెంటిస్టులకు ముందుగా శుభాకాంక్షలు. చైరు లోను మీద తెచ్చారు, ఏసీ పెట్టించారు, రిసెప్షన్ గోడకి నవ్వుతున్న పళ్ళ బొమ్మ తగిలించారు. ఇక ప్రాక్టీసే తరువాయి. దాన్ని పాడుచేసే దుర్గుణాల్లో మొదటిది కుతూహలం. పేషెంటు పుచ్చిపన్ను చూపించడానికి నోరు తెరిస్తే ఆ పన్నే చూడండి. మీ చేతిలోని అద్దానికీ, నెత్తి మీది లైటుకీ ఇంకో రెండంగుళాలు లోపలికి పోయే సత్తా ఉంది. చిక్కంతా అక్కడే. పోయాయంటే నాలుక వెనక భాగం కనిపిస్తుంది, కొండనాలుకకి అటూ ఇటూ టాన్సిల్స్ కనిపిస్తాయి, వాటిలో ఒకటి రెండోదానికంటే పెద్దగా ఉన్నట్టు అనిపించినా అనిపించవచ్చు. అనిపించాక పేషెంటుకి చెప్పక తప్పదు. చెబితే ఆయన నలభై ప్రశ్నలు వేస్తాడు, సాయంత్రం రూట్ కెనాళ్ళన్నీ వెనక్కి జరుగుతాయి. కాబట్టి అద్దం పన్ను దాటకూడదు.

హ్యూమన్ పాపిలోమా వైరస్ అని ఒకటుందని బీడీఎస్‌లో చదివే ఉంటారు. పులిపిరికాయల పాఠంలో వచ్చి, పరీక్షలో రాక, మీ జ్ఞాపకంలోంచి మర్యాదగా తప్పుకుంది. హెచ్‌పీవీలో 200కి పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి మూలం వీటిలో కొన్నేనని కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హారాల్డ్ త్సూర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. ఆ రకాల్లో పేరుమోసిన 16వది గొంతు వెనక కూడా, అంటే టాన్సిల్స్ ముడతల్లో, నాలుక మొదట్లో, క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే తేల్చి ప్రచురించింది. మీరు మాత్రం గర్భాశయం అన్న మాట దగ్గరే పుస్తకం మూసేయండి. అది గైనకాలజిస్టు గారి ఫైలు. గొంతు ఈఎన్‌టీ వారిది. మెడ సర్జన్‌ది. ఇలా పంచుకుంటూ పోతే మనకి ముప్పై రెండు మిగులుతాయి, సంసారానికి అవి చాలు.

కేసు షీటులో 'అలవాట్లు' అని ఒక గడి ఉంటుంది. సిగరెట్టు, గుట్కా, ఖైనీ, వక్కపొడి, మందు. వీటన్నిటికీ 'లేదు' అన్న మనిషికి క్యాన్సర్ వచ్చే అర్హత లేదని అక్కడికక్కడే తీర్మానించండి. మన దేశంలో నోటి క్యాన్సర్లకి పెద్ద కారణం పొగాకు, వక్క. అది నిజం. చేతిలో ఒక నిజం ఉంటే రెండోదాన్ని వెతికే పని తప్పుతుంది. బుగ్గలోపల, చిగుళ్ళ మీద, నాలుక అంచున వచ్చేవాటిలో హెచ్‌పీవీ పాత్ర తక్కువే, గొంతు వెనక వచ్చేవాటి సంగతి వేరు. ఆ తేడాలోకి దిగకండి. అమెరికాలో గొంతు వెనకభాగపు క్యాన్సర్లలో నూటికి 70 దాకా ఈ వైరస్ పుణ్యమేనని అక్కడి సీడీసీ అంచనా. ఏటా బయటపడే కేసుల్లో అవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని దాటిపోయాయి కూడా. ఆ రోగుల్లో ఎక్కువమంది మగవాళ్ళు, నడివయసు వాళ్ళు, చాలామందికి సిగరెట్టు వాసన కూడా పడదు. ఎవరైనా ఇది ఎత్తితే "అది అమెరికా జబ్బండీ" అనండి. మన దగ్గర ఆ వాటా అంత లేదన్న మాటా అబద్ధం కాదు. లేకపోవడానికీ, చూడకపోవడానికీ తేడా ఉందని ఎదుటివాడు అనేలోపు కాఫీ తెప్పించండి.

ఒక కేసు వేసుకుందాం. బ్యాంకులో పనిచేసే ఒకాయన, యాభై దాటిన వయసు, శుభ్రమైన మనిషి. కింది దవడ పన్ను ఫిల్లింగ్ ఊడి వచ్చాడు. ఫిల్లింగ్ అయింది, నోరు పుక్కిలించాడు, పర్సు తీస్తూ ఆగాడు.

"డాక్టర్‌గారూ, ఇంకో మాటండీ. గడ్డం గీసుకుంటుంటే ఇక్కడేదో చేతికి తగులుతోంది. నెల పైనే అయింది. నొప్పేం లేదు."

ఆయన వేలు చూపించిన చోటు దవడ మూల కింద, చెవికి దిగువన, మెడ పక్క కండరం దగ్గర. మీరు అటు చూడనక్కర్లేదు. బిల్లు పుస్తకం మీంచి తల ఎత్తకుండానే "పంటి ఇన్ఫెక్షన్‌కి బిళ్ళ కట్టి ఉంటుంది లెండి, ఐదు రోజులు మందు వాడండి" అనండి. పంటి చీముకి కట్టే బిళ్ళ మామూలుగా నొప్పెడుతుంది, ముట్టుకుంటే చురుక్కుమంటుంది, పన్ను బాగయ్యాక కరుగుతుంది. నెల దాటినా కరగక, నొప్పీ లేక, రబ్బరులాగో రాయిలాగో చేతికి తగిలేది వేరే జాతి. హెచ్‌పీవీ గొంతు క్యాన్సర్ చాలామందిలో మొదట బయటపడేది అలాంటి గడ్డగానే. గొంతులో అసలు పుండు టాన్సిల్ ముడతల్లో కందిగింజంత ఉండగానే మెడలో దాని కూతురు గోలీకాయంత అయి కూర్చుంటుంది. అందుకే నొప్పి లేదన్న మాట వినగానే భయపడాల్సింది డాక్టరు. మన సంప్రదాయంలో మాత్రం అది విని ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు. అలాగే కానివ్వండి.

ఆయన రెండు వారాలకి మళ్ళీ వస్తే మందు మార్చండి. మూడోసారి వస్తే కంఠమాల అయి ఉంటుందేమో, టీబీ వాళ్ళకి చూపించుకోమనండి. మెడ గడ్డ అనగానే టీబీ తలపుకి రావడం మన దేశంలో తప్పేమీ కాదు, పరీక్ష చేసి తేల్చుకుంటే. తేల్చుకోకుండా ఆరు నెలల కోర్సు మొదలెట్టించేవాళ్ళుంటారు, అలాంటివాళ్ళ నంబరు మీ ఫోన్‌లో ఉండాలి. ఇంకో సుళువుంది. ఈ రకం గడ్డలు కొన్ని లోపల నీరు పట్టి తిత్తిలా తయారవుతాయి. సూది గుచ్చితే నీళ్ళు వస్తాయి, ఆ నీళ్ళలో క్యాన్సర్ కణాలు దొరక్కపోవచ్చు. "క్యాన్సర్ కణాలు లేవు" అన్న కాగితం చేతికొచ్చాక దాన్ని లామినేషన్ చేయించి ఇవ్వండి, మళ్ళీ ఎవరూ అడగరు.

చెవిపోటు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గొంతు వెనక రోగం చెవిలో పలుకుతుంది, నరాల దారి అలాంటిది. ఒకవైపే పోటు, చెవి చూస్తే శుభ్రంగా ఉంది, మింగేటప్పుడు ఆ పక్కనే ఏదో అడ్డుపడుతున్నట్టుందని పేషెంటు అంటే వెంటనే ఆ వైపు జ్ఞానదంతం పీకండి. తగ్గకపోతే పైది పీకండి.

మెడ మీద చెయ్యి వేయడం మహాపాపం. పద్ధతిగా చేసేవాళ్ళు ఎలా చేస్తారో చెబుతాను, పొరపాటున మీరూ చేయకుండా ఉండటానికి. పేషెంటుని నిటారుగా కూర్చోబెడతారు. వెనక నిలబడి రెండు చేతుల వేళ్ళతో చెవుల దగ్గర్నించి దవడ కింద మీదుగా మెడ పక్కలంతా, మెడ కింది బొమిక దాకా, రెండు వైపులా పోల్చుకుంటూ తడుముతారు. తర్వాత గ్లవ్స్‌తో పెదవులు తిప్పి చూస్తారు, బుగ్గలు చూస్తారు, నాలుక కొసని గాజ్ ముక్కతో పట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగి అంచులు వెనకదాకా చూస్తారు. నాలుక కింద ఒక వేలు, గడ్డం కింద రెండో చెయ్యి పెట్టి నొక్కి చూస్తారు. ఆఖరికి "ఆ..." అనమని, అద్దంతో నాలుక అణచి, టాన్సిల్స్ రెండూ ఒకే తీరుగా ఉన్నాయా అని చూస్తారు. మొత్తం రెండు మూడు నిమిషాలు. ఖర్చు ఒక జత గ్లవ్స్, ఒక గాజ్ ముక్క. ఇందులో వైరస్ ఏమీ కనిపించదు. టాన్సిల్ ముడతల్లో దాగిన చిన్న పుండు నిపుణుడికీ తప్పిపోవచ్చు. ఈ సాకు కంఠస్థం చేయండి: "చూసినా అన్నీ దొరకవు కదా, ఇక చూడటమెందుకు?" దొరికేవాటి గురించి ఎవరూ అడగరు.

ఇక్కడ తెలుగు డెంటిస్టుకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాన్నీ దాటాలి. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ళున్నారు. చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడి అంగిలికి తగిలి అక్కడ మచ్చలు, పుళ్ళు, కొందరికి క్యాన్సర్. డెన్మార్క్ వైద్యుడు పిండ్‌బోర్గ్, మన దేశపు సహచరులతో కలిసి 10,169 మంది ఆంధ్ర గ్రామస్థుల అంగిళ్ళు చూసి 1971లో రాసిన వ్యాసం ప్రపంచంలో ఎక్కడ నోటి రోగాలు చదివినా ఎదురవుతుంది. అప్పటినుంచీ మనవాళ్ళకి అంగిలి చూడటం పాఠంలో భాగం. అంటే అద్దం ఇప్పటికే పళ్ళు దాటి పైకి పోయింది! గట్టి అంగిలి వెనకే మెత్తటి అంగిలి, దాని పక్కనే టాన్సిల్. ఒక్క అంగుళం. ఊళ్ళో ముసలమ్మ చుట్ట కోసం నేర్చిన విద్య, చుట్ట ముట్టని బ్యాంకు ఆఫీసరు మీద ప్రయోగించకుండా నిగ్రహించుకోవడమే మీ పరీక్ష.

ఇక అసలు సిగ్గు సంగతి. ఈ వైరస్ గొంతులోకి చేరే ముఖ్యమైన దారి ఓరల్ సెక్స్. ఇది రాయడానికే పత్రికలో ఎంత ఇబ్బందో చూశారా, చైరు పక్కన చెప్పడమైతే మాటలా! కాబట్టి చెప్పకండి. డెంటిస్టుల మీద దేశదేశాల్లో చేసిన సర్వేల్లో ఒకే కథ: పొగాకు గురించి అందరికీ తెలుసు, హెచ్‌పీవీ గురించి తెలిసినవాళ్ళు తక్కువ, తెలిసినవాళ్ళలోనూ పేషెంటుతో ఆ మాట ఎత్తడానికి సంకోచించేవాళ్ళు బోలెడుమంది. మీరు ప్రపంచస్థాయిలో ఉన్నారన్నమాట. హాలీవుడ్ నటుడు మైకెల్ డగ్లస్ 2013లో ఒక ఇంటర్వ్యూలో తన గొంతు క్యాన్సర్‌కి ఇదే కారణమన్నట్టు మాట్లాడి ప్రపంచమంతా గగ్గోలు చేశాడు. అది చాలా అనాగరికమైన పని. దానివల్ల కొంతకాలం అందరికీ హెచ్‌పీవీ పేరు తెలిసిపోయింది.

సిగ్గు పడలేనివాళ్ళకి దీనికి సరిగ్గా ఎదురుదారి ఒకటుంది, అది ఇంకా ఘనమైనది. బయాప్సీలో పీ16 పాజిటివ్ (హెచ్‌పీవీకి గుర్తు) అని రాగానే భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి, కనుబొమలు పైకెత్తి, "ఇది ఎలా వస్తుందో మీకు తెలుసనుకుంటాను" అనండి. తర్వాత మౌనం పాటించండి. ఒక సంసారం కూలడానికి ఆ మౌనం సరిపోతుంది. లైంగిక జీవితం ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక హెచ్‌పీవీ సోకుతుంది. చాలావరకు ఏడాది రెండేళ్ళలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. కొద్దిమందిలో నిలిచిపోయి, దశాబ్దాల తర్వాత రోగమవుతుంది. ఎప్పుడు సోకింది, ఎవరినుంచి సోకిందని చెప్పగల పరీక్ష లేదు. పెళ్ళికి ముందో, ఆ తర్వాతో, ఇంట్లోనో, బయటో, ఎవరికీ తెలియదు. ఇవేవీ చెప్పకండి. చెబితే ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని వైద్యానికి తీసుకుపోతుంది.

టీకా ప్రస్తావన వస్తే ఒకటే మాట: ఖమ్మం. దాని వెనక ఏం జరిగిందో తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి ఆ మాట బాగా పనిచేస్తుంది. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలంతో సహా మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలొచ్చాయి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. పురుగుమందు, నీళ్ళలో పడటం లాంటి కారణాలతో పోయారనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ విచారణ సంఘం చెప్పింది. అదే సంఘం, తర్వాత 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం, అనుమతులు తీసుకున్న తీరు మీద మాత్రం గట్టిగా అక్షింతలు వేశాయి. తప్పు సంతకాలది, సూదిది కాదు. ఈ రెంటినీ కలిపేసి "టీకాతో పిల్లలు పోయారటగా" అనేయడం మీకు కళగా అబ్బాలి. ఖమ్మం తల్లుల కోపం న్యాయమైనదే. దాన్ని మీ బద్ధకానికి వాడుకుంటున్నారని వాళ్ళకి తెలియదు కదా.

డల్లాస్‌లో మనవడికి పదకొండో ఏట ఈ టీకా వేశారట, మగపిల్లాడికెందుకండీ, అని ఒక తాతగారు అడుగుతారు. "అక్కడ డబ్బులెక్కువై" అనండి. అమెరికాలో 2011 నుంచీ మగపిల్లలకీ వేయమంటున్నారనీ, 2018లో అక్కడి డెంటిస్టుల సంఘమే ఈ టీకాని సమర్థిస్తూ తీర్మానం చేసిందనీ, 2020లో గొంతు క్యాన్సర్ నివారణని కూడా ఆ టీకా ప్రయోజనాల్లో అధికారికంగా చేర్చారనీ, ఆరెగాన్ రాష్ట్రంలో 2019 చట్టంతో డెంటిస్టులే టీకాలు వేసే వీలు వచ్చిందనీ ఆయనకి తెలియనివ్వకండి. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కి 2022లో అనుమతి వచ్చి, 2023 జనవరిలో విడుదలైంది. దాని పేరు వింటేనే ఆడవాళ్ళ టీకా అనిపిస్తుంది, అలాగే అనిపించనివ్వండి. ఒంట్లో అప్పటికే ఉన్న వైరస్‌ని టీకా పోగొట్టదు, సోకకముందే వేయాలి, అంటే మీ దగ్గరికి పళ్ళకి క్లిప్పులు పెట్టించుకోవడానికి వచ్చే పన్నెండేళ్ళ పిల్లల వయసులో. ఆ పిల్ల నెలనెలా మీ చైరులోనే కూర్చుంటుంది. తల్లి పక్క సోఫాలో ఉంటుంది. మీరు తీగ బిగించండి, అంతే.

ఎండీఎస్ విద్యార్థి ఎవరైనా థీసిస్ కోసం ప్రశ్నపత్రం పట్టుకుని వస్తే కంగారు పడకండి. 'హెచ్‌పీవీకీ గొంతు క్యాన్సర్‌కీ సంబంధం ఉందా' అని ఉంటుంది. లేకపోతే ఎందుకడుగుతాడు, 'అవును' పెట్టండి. 'ప్రతి పేషెంటుకీ మెడ పరీక్ష చేస్తారా' అన్నదానికి 'తప్పకుండా' పెట్టండి. మీ అసిస్టెంటు అమ్మాయి పక్కనుంటే లోపలికి పంపించి మరీ పెట్టండి, నవ్వు ఆపుకోలేదు పాపం. ఏ రకం అన్న ప్రశ్నకి 16 అని ఆ కుర్రాడే చెబుతాడు, థీసిస్ త్వరగా అవ్వాలి కదా. మనందరి అవగాహన స్థాయి తృప్తికరమని మూడు నెలల తర్వాత సమావేశంలో చదువుతాడు. భోజనంలో బిర్యానీ బాగుంటుంది.

మరీ మనసు పీకుతుంటే ఒక నీలిలైటు యంత్రం కొనండి. చీకటి చేసి నోట్లో వెలిగిస్తే పేషెంటుకి భక్తి కలుగుతుంది. కంటితో చూసి, చేత్తో తడిమి చేసే పరీక్షకి బదులుగా ఇలాంటివి పనికిరావనీ, అనుమానం ఉంటే బయాప్సీయే దారి అనీ అమెరికా డెంటల్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాల్లో ఉంది. ఈఎంఐ మొదలయ్యాక అవి చదవకూడదు.

పెద్దాసుపత్రికి రిఫర్ చేయడం గురించి. రెండు వారాల్లో మానని పుండూ, కరగని గడ్డా వెంటనే పంపాలని పుస్తకాల్లో ఉంది. పంపితే పేషెంటు పోతాడు, వాడితోపాటు వాడి క్యాపులూ పోతాయి. మీ అంతరాత్మకి చెప్పడానికి ఒక చక్కటి గణాంకం ఇస్తాను. 2010లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో గొంతు వెనక క్యాన్సర్ వచ్చినవాళ్ళలో హెచ్‌పీవీ ఉన్నవాళ్ళు మూడేళ్ళ తర్వాత 82.4 శాతం బతికున్నారు, లేనివాళ్ళు 57.1 శాతమే. రేడియేషన్‌కీ మందులకీ ఈ రకం బాగా లొంగుతుంది. దీనికోసం క్యాన్సర్ దశల లెక్కలే వేరుగా రాశారు. అంత బాగా నయమయ్యే రోగానికి తొందరేమిటి? ఇంకో ఆరు నెలలు మన దగ్గరే ఉండనివ్వండి. ఆ అంకెలు వైద్యం అందినవాళ్ళవని అంతరాత్మ గుర్తుచేస్తే ఫోన్ మోగినట్టు నటించండి.

ఆ బ్యాంకాయన ఎలాగూ మీ దగ్గరికే తిరిగొస్తాడు. క్యాన్సర్ ఆసుపత్రి నుంచి చీటీ తెస్తాడు: రేడియేషన్ మొదలెట్టే ముందు పళ్ళన్నీ చూసి, తీయాల్సినవి తీసేసి పంపమని. రేడియేషన్ తర్వాత లాలాజలం ఎండిపోతుంది, పళ్ళు గబగబా పుచ్చిపోతాయి, అప్పుడు పన్ను పీకితే దవడ ఎముక మానక చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే ఆ చీటీ. మీరు దాని వెనకే 'ఫిట్' అని రాసి సంతకం పెట్టండి. "అప్పుడు నా నోరు చూశారు కదండీ" అని ఆయన నెమ్మదిగా అంటే, "మీరు ఫిల్లింగ్‌కి వచ్చారు కదా" అనండి, అది అబద్ధం కాదు. కీమో ఖర్చులతో ఉన్న మనిషి, క్లీనింగ్ మీద పది శాతం తగ్గించండి. పళ్ళు పుచ్చకుండా పెట్టుకునే ఫ్లోరైడ్ ట్రేల మీద వద్దు, అవి ఆయనకి జన్మంతా కావాలి.